కాలువా, కందకమూ

స్పెయిన్ అంతర్యుద్ధం మీద జోరిస్ ఈవెన్స్ తీసిన ‘ది స్పానిష్ ఎర్త్’ (1937) గురించి మాట్లాడేవాళ్లు తరచు మాడ్రిడ్ మీద పడిన ఫిరంగి గుళ్ల దగ్గరే ఆగిపోతారు. ఆ దృశ్యాలు భయంకరమైనవే. కాని ఈ డాక్యుమెంటరీ ప్రాణం ఫుయెంటిదుయేన్యా అనే పల్లెలో, బీడు నేలకు నీరు పెట్టుకుందామని రైతులు తవ్వుకుంటున్న కాలువలో ఉంది.

ఆ పల్లె మాడ్రిడ్ నుంచి వలెన్సియా పోయే దారిలో ఉంది. రాజధానికి తిండీ ఆయుధాలూ చేరేది ఆ దారినే. 1937 ఫిబ్రవరిలో ఫ్రాంకో సేనలు హరామా నది దగ్గర దాన్ని తెంచాలని చూశాయి, తెంచలేకపోయాయి. ఒకపక్క కాలువ తవ్వే చేతులు, మరోపక్క కందకంలో తుపాకీ పట్టిన చేతులు. హెలెన్ వాన్ డాంగెన్ ఎడిటింగ్ ఈ రెంటినీ పక్కపక్కన నిలబెడుతుంది. భూస్వాములు ఏళ్ల తరబడి బీడు పెట్టిన నేల అది. ఎవరు ఎందుకు పోరాడుతున్నారో ఉపన్యాసం లేకుండానే తెలిసిపోతుంది. ప్రచారం కళ కాదనేవాళ్లు ఈ ఘట్టాలకు జవాబు చెప్పాలి.

వ్యాఖ్యానం హెమింగ్వే రాశాడు. మొదట ఆర్సన్ వెల్స్ చేత చదివించి, ఆ గొంతు మరీ నాటకీయంగా ఉందని మళ్లీ హెమింగ్వే చేతనే చదివించారు. మంచి పని చేశారు. పేజీకి పది విశేషణాలు గుప్పించే మన కవులు ఆ పొడి మాటలు ఒకసారి వినాలి.

జూలియన్ అనే రైతు సైనికుడి చుట్టూ కథ అల్లాలనుకున్నారు. యుద్ధరంగంలో అతని జాడ తెలియకుండా పోయింది, కథ మధ్యలోనే తెగింది. దాన్ని నేను లోపమనుకోను. బాంబుల మోతకు ‘శాన్ ఫ్రాన్సిస్కో’ అనే హాలీవుడ్ సినిమాలోని భూకంపం చప్పుడును తలకిందులు చేసి వాడుకున్నారట. దాన్నీ తప్పు పట్టను.

నా అభ్యంతరం వేరు. ఈ చిత్రం కోసం స్పెయిన్ వెళ్లిన రచయిత డాస్ పాసోస్‌కు హొసే రోబ్లెస్ అనే స్నేహితుడు ఉండేవాడు. రిపబ్లిక్ పక్షాన పనిచేసినవాడు. ఆ పక్షం వాళ్లే అతన్ని పట్టుకుపోయి చంపేశారు. ఎందుకని డాస్ పాసోస్ అడిగాడు. ఆ అడగడమే హెమింగ్వేతో స్నేహాన్ని తెంచింది. చిత్రంలో ఆ ఛాయ కూడా లేదు. అంబులెన్సులకు చందాలు పోగుచేయాల్సిన రోజుల్లో, రూజ్‌వెల్ట్‌కు సైతం చూపించిన చిత్రంలో, ఆ మౌనాన్ని అర్థం చేసుకోవచ్చు. 1939 మార్చిలో మాడ్రిడ్ పడిపోయాక శత్రువు చేతికి ఆయుధం ఇవ్వకూడదన్న సాకు కూడా మిగల్లేదు. మనం మాత్రం ఈ చిత్రాన్ని మెచ్చుకున్నప్పుడల్లా రోబ్లెస్ పేరు దాటేస్తూనే ఉన్నాం.

చివర కాలువలో నీళ్లు వచ్చి ఎండిన మట్టిని తడుపుతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.