రుస్తాఖ్ కోట: పూత వెనుక పొరలు

ఒమన్‌లోని రుస్తాఖ్ కోటకు మరో పేరు ఖల్అత్ అల్ కిస్రా. ఖుస్రో అన్న పారశీక నామానికి అరబ్బీ రూపం కిస్రా. ససానియన్ చక్రవర్తులను అరబ్బులు ఆ మాటతోనే పిలిచేవారు. ఇస్లాం రాకకు ముందు ఇక్కడ అధికారం నెరపిన పరాయి ప్రభువుల పేరు, తరువాతి ఇమాముల రాజధాని కోటకు నిలిచిపోయింది. ఇది అరుదైన సంగతేమీ కాదు. జపాను పాలనలో 1932లో తైనాన్ నగరంలో వెలసిన హయాషి దుకాణ భవనాన్ని తైవాన్ ప్రజలు బాగుచేసుకుని, 2014లో అదే పేరుతో తిరిగి తెరిచారు. కాకతీయుల మట్టికోట మీద కుతుబ్ షాహీలు రాతికోట కట్టినా, గోల్కొండ పేరులో తెలుగు మిగిలే ఉంది.

1624లో నాసిర్ బిన్ ముర్షిద్‌ను ఇమాముగా ఎన్నుకున్నది రుస్తాఖ్‌లోనే. ఆయనతో మొదలైన యారుబీ వంశం 1650లో పోర్చుగీసులను మస్కట్ నుండి వెళ్లగొట్టింది. 1698లో మొంబాసాలోని జీసస్ కోటను గెలుచుకున్న సైఫ్ బిన్ సుల్తాన్ సమాధి ఈ కోటలోనే ఉంది. నేటి రాజవంశానికి మూలపురుషుడైన అహ్మద్ బిన్ సయీద్ 1783లో మరణించాక ఈ ఊరి మట్టిలోనే కలిశాడు. ఆ దశకంలోనే అధికారపీఠం మస్కట్‌కు తరలిపోయింది.

ఇంత చరిత్ర ఉన్న కట్టడంలో నాలుగు బురుజులూ ఇప్పుడు ఒకే రంగు పూతతో, ఒకేనాడు కట్టినట్టు కనిపిస్తాయి. మరమ్మతు అవసరమే, లేకుంటే గోడలు కూలిపోయేవి. కాని ఏది ఏ కాలపు పనితనమో చూపరికి తెలియకుండా చేసే మరమ్మతు, రోగి పాత చీటీలన్నీ పారవేసి కొత్త చీటీ ఒక్కటే చేతికిచ్చినట్టుంటుంది. ఆరోగ్యం కనిపిస్తుంది, చరిత్ర కనిపించదు.

దీనికి భిన్నమైన పరిరక్షణ అదే ఊళ్లో ఉంది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఐదు ఒమనీ నీటి కాలువల్లో ఒకటైన ఫలజ్ అల్ ముయస్సర్ రుస్తాఖ్‌దే. ఫలజ్ నీరు ముందు తాగడానికి, తరువాత స్నానాలకు, ఆపై ఖర్జూర తోటలకు. పొలాల వంతులను సంప్రదాయంగా పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి లెక్కించేవారు. సుమారు అరగంట వంతుకు అథర్ అని పేరు. పూడిక తీయకపోతే నీరు ఆగిపోతుంది గనుక మరమ్మతు ఇక్కడ ఎప్పుడో ఒకసారి జరిగే ఉత్సవం కాదు, వాడుకలో భాగం. ఐన్ అల్ కస్ఫా వేడినీటి ఊట సంగతీ అంతే. చర్మవ్యాధులకూ కీళ్లనొప్పులకూ మంచిదన్న నమ్మకంతో జనం నేటికీ అక్కడ స్నానం చేస్తారు. ఆ నమ్మకంలో వైద్యపరంగా ఎంత నిజముందన్నది వేరే చర్చ; ఊట బతికి ఉన్నది మాత్రం వారి రాకపోకల వల్లనే.

కోటను కాపాడేది ప్రభుత్వ నిధి. కాలువను కాపాడేది దాని మీద హక్కూ, అవసరమూ ఉన్న మనుషులు. తెలుగునాట మన కోటల పక్కనున్న చెరువులను పూడ్చి, గోడలకు మాత్రం రంగులు వేసుకుంటున్న మనకు, రుస్తాఖ్‌లో ముందుగా చూడవలసింది కాలువే.