మారుపేరున వెలసిన పాట: మెకార్ట్నీ ‘బెర్నార్డ్ వెబ్’ ప్రయోగము

పాటలో కర్త ముద్ర నిలుపుట మనకు పరిచితమైన సంప్రదాయము. త్యాగరాజు తన పేరే నిలిపెను. క్షేత్రయ్య తన మువ్వగోపాలుని పేరు నిలిపెను. ముద్ర చెవినిబడినంతనే కర్త యెవరో శ్రోతకు తెలియును. ఆంగ్లదేశపు రాక్ గీతకర్త పాల్ మెకార్ట్నీ 1966లో దీనికి విపరీతమైన పని చేసెను. అప్పటికే లోకప్రసిద్ధమైన తన పేరు తొలగించి, ‘ఉమన్’ అను పాటను బెర్నార్డ్ వెబ్ అను కల్పిత నామమున వెలువరించెను. దానిని పాడినవారు పీటర్, గోర్డన్ అను జంటగాయకులు.

తన పేరు లేకున్నను పాట నెగ్గునా యని చూడగోరితినని కారణ మాతడే చెప్పెను. ఇది గర్వమని కొందరు త్రోసివేయవచ్చును, నాకట్లు తోచదు. 1964లో ఈ జంటయే పాడిన ‘ఎ వరల్డ్ వితౌట్ లవ్’ బ్రిటనులోను, అమెరికాలోను ప్రథమస్థానము నందినది. అది లెనన్–మెకార్ట్నీ నామాంకితము. ఆ జయములో పాటకు పాలెంత, పేరునకు పాలెంత? అదియునుగాక, ఇద్దరిలో నెవరు వ్రాసినను ఇద్దరి పేర్లును వేయుట వారి యొడంబడిక. 1965 నాటి ‘యెస్టర్డే’ మెకార్ట్నీ యొక్కడే కూర్చినది. కర్తలుగా మాత్రము ఇద్దరు కనబడుదురు. అట్టి స్థితిలో తన శక్తి యెంతటిదో తనకైనను తెలియుట కష్టము.

అయితే పరీక్ష జరిగిన తీరు సంతృప్తికరము కాదు. ‘ఉమన్’ అమెరికాలో 14వ స్థానమున, బ్రిటనులో 28వ స్థానమున నిలిచినది. పేరు తీసివేయుటచేతనే యింత దిగజారెనని లెక్కకట్టుట తొందరపాటగును. కర్త పేరు మరుగుపడినదే కాని గాయకుల పేరు మరుగుపడలేదు. డెల్ షానన్ వ్రాసిన ‘ఐ గో టు పీసెస్’ ఈ జంట పాడగా 1965లో అమెరికాలో 9వ స్థానమున కెక్కినది. అందు బీటిల్స్ వారి ప్రసక్తియే లేదు. కావున ఊరు పేరు లేని వెబ్ గారి పాటను మోసినది పాట బలమా, గాయకుల పలుకుబడియా యని తేల్చి చెప్పరాదు. ఎవరు నెరుగని గాయకునికి ఇచ్చియుండిన ఫలితము నమ్మదగినదై యుండెడిది. పైగా పీటర్ యాషర్ మెకార్ట్నీకి పరాయివాడు కాడు. అతని సోదరి జేన్‌తో ఆనాడు మెకార్ట్నీకి సాన్నిహిత్యము కలదు. వారి యింటనే కొంతకాలము నివసించెను. ప్రశ్నపత్రము ఇంటివారి చేతికే యిచ్చినట్లయినది. రహస్యము ఆ యేడే బయటపడుటలో వింత లేదు.

లోపములున్నను ఆ సందేహమును నేను గౌరవింతును. కీర్తి శిఖరమున నున్నవాడు చప్పట్లను శంకించుట అరుదు. మన ఆరుద్ర, ఆత్రేయలకు కలము పేరే అసలు పేరై కీర్తి తెచ్చినది. ఇతనికి మారుపేరు వచ్చిన కీర్తిని కొంతసేపు ప్రక్కన బెట్టుటకు కావలసివచ్చినది.

తరువాత 1968లో అపోలో సి. వెర్మత్ అను పేరున ఇతరుల రికార్డునకు నిర్మాతగా నుండెను. 1977లో పెర్సీ థ్రిల్లింగ్టన్ అను పేరున, తన ‘రామ్’ (మన రాముడు కాడు, పొట్టేలు) ఆల్బమునే గాత్రగీతములు కాక వాద్యసంగీతముగా వెలువరించెను. అవి సరదా వేషములు. 1966 నాటి ప్రశ్న వానిలో లేదు.