పేరు కనబడలేదంటే కేసు లేనట్టు కాదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాకు బాగా కోపం తెప్పించింది. కోపం రాసినవారి మీద కాదు, వాళ్లబ్బాయికి సలహా ఇచ్చినవాళ్ల మీద. అబ్బాయి టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఫ్రిస్కో దగ్గర హైవే మీద స్టేట్ ట్రూపర్ ఆపి స్పీడింగ్ టికెట్ ఇచ్చాడు. రూమ్మేట్లు ఫ్రిస్కో మున్సిపల్ కోర్టు సైట్‌లో చూడమన్నారు. పేరు కొట్టాడు, రాలేదు. కొన్నాళ్లాగి మళ్లీ కొట్టాడు, అప్పుడూ రాలేదు. ‘సిస్టంలో ఎక్కలేదురా, ఇంక వదిలెయ్’ అని వాళ్లే తీర్పు చెప్పేశారు. గడువు దగ్గర పడుతుంటే ఖమ్మంలో తండ్రికి నిద్ర పట్టడం లేదు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవాళ్లకు నా పాత పాట తెలుసు. టికెట్ చేతికొచ్చాక ఫోన్ తీసే ముందు ఆ కాగితం చదవాలి. ఎంత కట్టాలో తర్వాత చూసుకోవచ్చు, ఎవరు రాశారో ముందు చూడాలి. టెక్సాస్‌లో ఊరి పోలీసు రాసిన టికెట్ ఆ ఊరి మున్సిపల్ కోర్టుకు వెళ్తుంది. ట్రూపర్, షెరీఫ్ డెప్యూటీ, కానిస్టేబుల్ రాసినది కౌంటీలోని జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు, అంటే మనవాళ్లు జేపీ కోర్టు అనేదానికి, వెళ్తుంది. ఆ అబ్బాయి ఫ్రిస్కో సైట్‌లో ఏడాదంతా వెతికినా పేరు దొరకదు. పైగా ఫ్రిస్కో ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ఏ వైపు ఆపారన్నదాన్ని బట్టి కౌంటీ మారుతుంది. రాష్ట్రంలో 254 కౌంటీలున్నాయి. ప్రతి కౌంటీ దాని రికార్డులు అది పెట్టుకుంటుంది. వెళ్లాల్సిన కోర్టు, ఫోన్ నంబరు, హాజరు కావాల్సిన తేదీ, అన్నీ ఆ టికెట్ మీదే ఉంటాయి.

సరైన కోర్టు సైట్‌లోనూ టికెట్ వెంటనే కనబడకపోవచ్చు. అధికారి పంపాలి, గుమస్తా ఎక్కించాలి. అంతమాత్రాన గడువు ఆగదు. టికెట్ మీద మనం చేసే సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఆ తేదీకి హాజరవుతానని మాట ఇచ్చినట్టు. ఆ మాట తప్పితే అది ఇంకో కేసు. వారెంట్ రావచ్చు, లైసెన్సు రెన్యువల్ ఆగవచ్చు. వారెంట్ ఇచ్చే ముందు కోర్టు ఫోన్‌లోనో ఉత్తరంలోనో మళ్లీ తెలియజేయాలని 2017లో చట్టం తెచ్చారు. మంచి చట్టం. కానీ సెమిస్టర్‌కో అపార్ట్‌మెంట్ మారే పిల్లలకు ఆ ఉత్తరం పాత అడ్రసుకే పోతుంది.

ఈ వదిలేసే అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. 2023 డిసెంబరులో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ప్రకటిస్తే బైకులవాళ్లకు 80 శాతం తగ్గింది. అంతకుముందు 2022లోనూ ఇచ్చారు. సకాలంలో కట్టినవాడు నష్టపోయి, కట్టనివాడు లాభపడ్డాడు. ఆ పాఠం నేర్చుకున్న కుర్రాడు ఇక్కడికొచ్చి కూడా ఆగితే తగ్గుతుందనుకుంటాడు. ఇక్కడ ఆగితే పెరుగుతుంది.

వెతకడం గురించి రాస్తుంటే మా స్నేహితుడి కథ గుర్తొచ్చింది. అప్పుడు చూసిందే ఈ విషయంలో నాకు తెలిసినదాంట్లో సగం.

అతను సిటిజన్‌షిప్‌కి అప్లై చేస్తున్నాడు. ఆ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద సైటేషన్ రాశారా అని అడుగుతారు. అరెస్టు లేకుండా, మందుతోగానీ డ్రగ్స్‌తోగానీ సంబంధం లేకుండా, 500 డాలర్ల లోపు జరిమానాతో పోయిన ట్రాఫిక్ కేసుకు కాగితాలు జతచేయక్కర్లేదని సూచనల్లోనే ఉంటుంది. కానీ మావాడిది అంత తేలిగ్గా పోలేదు. దేశానికొచ్చిన కొత్తలో హ్యూస్టన్‌లో ఉండగా డెప్యూటీ టికెట్ రాశాడు, ఇతను కోర్టు తేదీ మరిచాడు, వారెంట్ పడింది. తర్వాత వెళ్లి కట్టేశాడు. రసీదు దాచుకోలేదు. ఇన్నేళ్లకు ఆ వారెంట్ గుర్తొచ్చి, కేసు ముగిసినట్టు కోర్టు ముద్ర ఉన్న కాగితం కావాలన్నాడు.

హ్యూస్టన్ ఉన్న హ్యారిస్ కౌంటీలో జేపీ కోర్టులు 16. ఎనిమిది ప్రెసింక్టులు, ఒక్కోదానికి రెండు కోర్టులు. తనను ఎక్కడ ఆపారో మావాడికి ఒక పెట్రోలు బంకు మాత్రమే గుర్తుంది. సైట్‌లో ఇంటిపేరు కొట్టాం, లేదు. పేరు కొట్టాం, అతనికి సంబంధం లేని మనుషులు వరసగా వచ్చారు. వెంకట అన్న పేరుతో ఆ కౌంటీలో ఎంతమంది బండ్లు నడుపుతున్నారో ఆ రోజు చూశాం.

మన పేర్ల సంగతి ఇక్కడి కోర్టు రికార్డుకు పట్టదు. ముందు ఇంటిపేరు, తర్వాత దేవుడి పేరు, తర్వాత తాతగారి పేరు, చివర్లో ఇంట్లో పిలిచే పేరు. పాస్‌పోర్టు చేయించినప్పుడు ఏ ముక్క ఏ గడిలో పడితే అదే జీవితాంతం వెంటొస్తుంది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకు ఉన్న పేరంతా ఆ గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే మొదటి పేరు తెలియదు, అని పడుతుంది. లైసెన్సు ఆఫీసులో ఇంకో రకంగా విరుస్తారు. రాత్రిపూట రోడ్డు పక్కన టార్చి వెలుగులో రాసే అధికారి ఇంకోలా రాస్తాడు. ఒకే మనిషి మూడు చోట్ల ముగ్గురవుతాడు.

చివరికి కోర్టు కిటికీ దగ్గరికే వెళ్లాం. అక్కడున్న పెద్దావిడ మావాడి పేరు రెండు మూడు విధాల కొట్టి చూసి, లైసెన్సు ఇవ్వమంది. టెక్సాస్ లైసెన్సు ఎన్నిసార్లు రెన్యూ చేసినా నంబరు మారదు. ఆ నంబరు కొట్టగానే కేసు వచ్చింది. అతని పేరులో మూడో ముక్క ఇంటిపేరుగా ఎక్కింది. పుట్టినతేదీ సరిపోయింది. జరిమానా కట్టిన తేదీ, వారెంట్ రద్దయిన తేదీ, కేసు మూసిన తేదీ, అన్నీ ఉన్నాయి. కొద్ది డాలర్లు తీసుకుని ముద్ర వేసిన నకలు ఇచ్చింది. ఎందుకని అడగలేదు, అర్జీ రాయమనలేదు, రేపు రమ్మనలేదు. ఒక సామాన్యుడి చిన్న కేసును కూడా అన్నేళ్లు జాగ్రత్తగా దాచి, అడగగానే చేతిలో పెట్టిన ఆ పద్ధతికి నేను మనసులో దండం పెట్టాను. ఇప్పటికీ ఆ గౌరవం అలాగే ఉంది.

అందుకే చెబుతున్నాను. టికెట్ నంబరుతో వెతకండి. అది పోతే లైసెన్సు నంబరుతో. అదీ కుదరకపోతే పుట్టినతేదీ పెట్టి, పేరులో ఒక్కో ముక్కనూ ఇంటిపేరుగా కొట్టి చూడండి. రికార్డులు వెతికిపెడతామని కార్డు నంబరు అడిగే ప్రైవేటు సైట్ల జోలికి పోకండి, కౌంటీ సైట్‌లో వెతకడానికి సాధారణంగా డబ్బు అడగరు. కోర్టులు పాత కాగితాలను ఎల్లకాలం ఉంచవు కూడా. గడువు తీరాక తీసేస్తాయి. అప్పుడు రికార్డు లేదని గుమస్తా ఇచ్చే లేఖ ఒక్కటే మిగులుతుంది.

ఇక కట్టడం. ఆన్‌లైన్‌లో కట్టేసి చేతులు దులుపుకునేవాళ్లతో నాకు చాలాకాలంగా తగువు. టెక్సాస్‌లో జరిమానా కట్టడమంటే వాదించకుండా శిక్షకు ఒప్పుకోవడమే. డ్రైవింగ్ రికార్డులో ఎక్కుతుంది, ఇన్సూరెన్సు పెరగవచ్చు. జరిమానా ఎంత చిన్నదైనా రాష్ట్రపు ఉమ్మడి రుసుము 62 డాలర్లు, రాష్ట్ర ట్రాఫిక్ జరిమానా 50 డాలర్లు కలిసి ఎలాగూ వంద దాటుతుంది. చట్టం ఇచ్చిన దారి ఇంకోటుంది, డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు. పరిమితిని దాటినది 25 మైళ్ల లోపే అయితే, వేగం 95కి చేరకపోతే, కమర్షియల్ లైసెన్సు కాకపోతే, ఏడాదిలో ఆ కోర్సు చేసి ఉండకపోతే, ఇన్సూరెన్సు ఉంటే, గడువు లోపల అడిగినవాళ్లకు సాధారణంగా కోర్టు ఇవ్వాల్సిందే. ఆరు గంటల కోర్సు. 90 రోజుల్లో సర్టిఫికెట్, రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ విభాగం (డీపీఎస్) నుంచి 3ఏ అనే డ్రైవింగ్ రికార్డు తెచ్చిస్తే కేసు డిస్మిస్. తప్పు చేయలేదనుకునేవాళ్లు విచారణ అడగవచ్చు. స్పీడ్ టికెట్‌కైనా ఆరుగురు జ్యూరీ ముందు చెప్పుకునే హక్కుంది. కట్టలేనివాళ్లు వాయిదాలు, సమాజసేవ అడగవచ్చు. అడగనివాడికి ఇవేవీ దొరకవు.

ఇవన్నీ మనిషి తనంతట తాను చేసుకోగల పనులే. చిన్న టికెట్‌కి లాయరెందుకని ఇదే చోట చాలాసార్లు రాశాను. అమెరికా పౌరులకు ఈ వారం కూడా అదే చెబుతాను. వీసా మీద చదువుకునే పిల్లలకు మాత్రం ఇప్పుడు నా సలహా వేరు.

2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో చూశాం. ఇమిగ్రేషన్ అధికారులు దాదాపు 13 లక్షల విదేశీ విద్యార్థుల పేర్లను నేరాల డేటాబేస్‌తో పోల్చారు. 6,400 దాకా పేర్లు తగిలాయి. వేల మందికి విదేశీ విద్యార్థుల వివరాలుండే సెవిస్ వ్యవస్థలో రికార్డులు రద్దయ్యాయి. శిక్ష పడనివాళ్లు, కేసు కొట్టేసినవాళ్లు, ట్రాఫిక్ కేసు తప్ప ఇంకేమీ లేనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరున పునరుద్ధరించడం మొదలుపెట్టారు. మామూలు స్పీడ్ టికెట్ ఒక్కదానికి విద్యార్థిని పంపేయమని ఏ చట్టమూ చెప్పదు. అయినా ఆ మూడు వారాలు మన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు పడ్డ క్షోభ నిజం.

ఇంకో చిక్కు ఉంది. ఇమిగ్రేషన్ చట్టంలో శిక్ష పడడానికి నిర్వచనం వేరు. రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా, ముందు తప్పు ఒప్పుకుని ఏదో ఒక షరతు నెరవేర్చి ఉంటే అది వాళ్ల లెక్కలో శిక్షగా నిలబడే వీలుంది. డిఫెన్సివ్ డ్రైవింగ్‌లో ముందు చేసేది అదే, నేరం ఒప్పుకుంటున్నాననో వాదించననో చెప్పి కోర్సు అడగడం. స్పీడింగ్‌కి దానివల్ల ముప్పు చాలా తక్కువ. లైసెన్సు లేకుండా నడపడం, నిర్లక్ష్యంగా నడపడం లాంటివైతే ముందే అడిగి తెలుసుకోవాలి. తాగి నడిపితే అది ట్రాఫిక్ కోర్టు సంగతే కాదు, జైలు శిక్ష పడే కౌంటీ కోర్టు కేసు.

కాబట్టి కొత్తగా వచ్చిన పిల్లలూ, టికెట్ వస్తే రూమ్మేట్లను కాదు, తెలిసినవాళ్లను అడగండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే విభాగం ఉంటుంది. మొదటి ఫోన్ అక్కడికో, ఇమిగ్రేషన్ లాయరుకో చేయండి. రెండోది టికెట్ మీదున్న కోర్టుకు. రెండూ గడువు లోపలే జరగాలి. కేసు ముగిసిన రోజున ముద్ర వేసిన నకళ్లు రెండు తీసుకోండి. ఒకటి మీ దగ్గర ఉంచుకుని, రెండోది ఇంటికి పంపండి.