750 వాట్లు ఎక్కడికి పోయాయి?

చిన్న లేత్ కొని, దానికి స్టెప్పర్లు తగిలించి సీఎన్‌సీగా మార్చుకున్నవాళ్లు ఎవరైనా సరే, ఏడాది తిరక్కుండా మోటారు మీద పడతారు. ఆక్లాండ్ శివారు మనురేవాలో మా గరాజులో కారుకి చోటు లేకుండా చేసిన లేత్ కూడా ఆ బాపతే. చైనా నుంచి వచ్చే, బల్ల మీద పెట్టుకునే ఏడంగుళాల రకం. అల్యూమినియం ఇస్తే వెన్నలా కోస్తుంది. 50 మి.మీ. ఉక్కు కడ్డీ బిగించి ఒక మిల్లీమీటరు కోత పెట్టామా, చక్ మూలుగుతూ ఆగిపోతుంది.

అప్పుడు అందరికీ తట్టే ఆలోచన ఒకటే. బ్రష్‌లున్న పాత డీసీ మోటారు పీకేసి 750 వాట్ల సర్వో పెడితే పోలేదా? ఫోన్లో ఇదే మాట చెబితే, బాలానగర్ షెడ్లలో టర్నరుగా తలపండిన మా మావయ్య ఒక్క ముక్కే అడిగాడు: “వాట్ల సంగతి సరేరా, చక్ దగ్గర బలమెంత?”

లెక్క వేసి చూడండి. హైస్పీడ్ స్టీల్ టూల్‌తో ఉక్కు కోయాలంటే అంచు వేగం నిమిషానికి 30 మీటర్లు చాలు. 50 మి.మీ. కడ్డీకి అది నిమిషానికి 190 చుట్లు. ఒక మిల్లీమీటరు లోతు, చుట్టుకి 0.1 మి.మీ. ఫీడు అనుకుంటే టూల్ మీద పడే బలం సుమారు 200 న్యూటన్లు. వ్యాసార్ధం 25 మి.మీ. కాబట్టి కావలసిన టార్క్ 5 న్యూటన్ మీటర్లు. మొత్తం పనికి పట్టేది 100 వాట్లు. 750 ఉన్నవాడికి 100 ఓ లెక్కా?

లెక్కే. ఎందుకంటే ఆ 750 అనేది నిమిషానికి 3000 చుట్లు తిరిగేటప్పటి మాట. ఆ మోటారు టార్క్ 2.4 న్యూటన్ మీటర్లే. సమానమైన పుల్లీలు వేసి 190 చుట్ల దగ్గర నడిపితే చక్‌కి అందేది 50 వాట్లు కూడా కాదు. కొద్ది సెకన్లపాటు సర్వో మూడింతలు లాగుతుంది, నిజమే. కోత కొద్ది సెకన్లలో అయిపోదు కదా! అదే 3:1 పుల్లీ పెడితే చక్ దగ్గర 7.2 వస్తుంది, కానీ పై వేగం 1000కి పడిపోతుంది. 10 మి.మీ. అల్యూమినియానికేమో 3000 పైనే కావాలి. పాత లేత్‌లకి మెట్ల పుల్లీ, బ్యాక్ గేరు ఊరికే పెట్టలేదు. మన చిన్న సీఎన్‌సీలు వాటిని పాతకాలపు సరంజామా అని వదిలేసి, అంతా ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుందనుకున్నాయి.

నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగాలి, అవసరమైతే పరిగెత్తాలి, అదీ బెల్టు లేకుండా. ఈ కోరికకి దగ్గరగా వచ్చిన మోటారు మాకు దగ్గర్లోనే పుట్టింది. ఈస్ట్ తామాకిలోని ఫిషర్ అండ్ పైకెల్ వాళ్లు 1991లో స్మార్ట్‌డ్రైవ్ వాషింగ్ మెషీన్ తెచ్చారు. తడి బట్టల తొట్టిని నేరుగా తిప్పే, పళ్లెమంత వెడల్పు బ్రష్‌లెస్ మోటారు అది. ఇక్కడివాళ్లు పాడైన మెషీన్లలోంచి దాన్ని ఊడదీసి గాలిమరలకు జనరేటరుగా వాడతారు. లేత్‌కి పెట్టాలని నాకూ చెయ్యి దురద పెట్టింది. కానీ దాని పరుగు 1000 చుట్ల దగ్గరే ఆగుతుంది, ఆ వెడల్పు హెడ్‌స్టాక్ వెనక ఇమడదు.

త్రీఫేజ్ మోటారుకి వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టడం ఇంకో దారి. ఇంట్లో 230 వోల్టుల సింగిల్ ఫేజే ఉన్నా నడుస్తుంది, వైండింగ్‌ని డెల్టాలో కలుపుకుంటే చాలు. కానీ వేగం తగ్గిస్తే దాని ఫ్యాను కూడా నీరసపడి మోటారు కాగుతుంది. నా ఓటు అందుకే సర్వోకి, రెండు మెట్ల పుల్లీకి. బెల్టు చేత్తో మార్చుకునే సీఎన్‌సీ ఏమిటని నవ్వేవాళ్లు నవ్వనీ.

అసలు లాభం మర కోసేటప్పుడు తెలుస్తుంది. చుట్టుకి ఒకే పల్స్ ఇచ్చే సెన్సరైతే, చుట్టు మధ్యలో స్పిండిల్ తడబడినా కంట్రోలర్‌కి కబురందదు, పిచ్ చెడుతుంది. స్పిండిల్ మీదే ఎన్‌కోడర్ పెట్టి లైనక్స్‌సీఎన్‌సీకి కలిపితే, స్పిండిల్ నెమ్మదిస్తే టూలూ నెమ్మదిస్తుంది. ఒక్క జాగ్రత్త. చక్ మరలతో ఎక్కించే రకమైతే సర్వో చేత ఠక్కున బ్రేకు వేయించకండి, చక్ ఊడి ఒళ్లోకొస్తుంది.

సర్వో, పుల్లీ బిగించాక ఇప్పుడు ఉక్కు కోత ఆగడం లేదు. కాకపోతే జాబు మీద సన్నటి అలలు పడుతున్నాయి. పాత మోటారుకి అంత కోత పెట్టే సత్తువే లేదు గనక ఇన్నాళ్లూ బయటపడలేదు గానీ, తప్పు హెడ్‌స్టాక్‌లోని 6206 బాల్ బేరింగులది. వాటి బదులు 30206 టేపర్ రోలర్లు సరిపోతాయి. అవి 1.25 మి.మీ. మందం ఎక్కువ, కాబట్టి పొట్టి స్పేసర్లు కోసుకోవాలి. కోయడానికి లేత్ కావాలి, లేత్ చూస్తే విప్పి ఉంటుంది. ముందు స్పేసర్లు, ఆ తర్వాతే స్పానర్లు.