చెడకూడనివి ముందు

మెయిలింగ్ లిస్టుల ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్‌లో తర్వాత ఏం చేర్చాలని అడిగితే, ఎక్కువమంది నోట ముందు వచ్చేది రూపమే. ఫోన్లో చక్కగా కనబడాలి, రాత్రిపూట కళ్లకు ఇబ్బంది లేకుండా నల్ల తెర ఉండాలి, నచ్చిన జవాబుకు లైక్ కొట్టగలగాలి. కాదనడానికి ఏమీ లేదు. కానీ ఓపెన్ సోర్స్‌లో కోరికలకు కొదవ ఉండదు, చేసే చేతులే తక్కువ. అందుకే నా లెక్కలో ఏం చేర్చాలన్నది రెండో ప్రశ్న. ఏం చెడకూడదన్నది మొదటిది.

ముందుగా లింకు. లిస్టులు నడిపే జీఎన్‌యూ మెయిల్‌మ్యాన్ 2తో పాటు వచ్చే ఆర్కైవర్ పైపర్‌మెయిల్, ఉత్తరాలకు వరసగా నంబర్లు వేసేది. ఎవరో తన ఫోన్ నంబరున్న ఉత్తరాన్ని తీసేయమంటే, దాన్ని తీసి ఆర్కైవ్‌ను మళ్లీ కట్టగానే ఆ తర్వాతి నంబర్లన్నీ జరిగిపోయేవి. ఫలానా మార్పు ఎందుకు చేశామో చెప్పడానికి కోడ్‌లో రాసిపెట్టుకున్న లింకు, సంబంధం లేని ఉత్తరాన్ని తెరిచేది. 2015లో వచ్చిన మెయిల్‌మ్యాన్ 3 ఈ చిక్కు విప్పింది. దాని ఆర్కైవర్ హైపర్‌కిటీ, ఉత్తరం మెసేజ్-ఐడీ నుంచి తీసిన హ్యాష్‌నే చిరునామాగా వాడుతుంది. పక్క ఉత్తరం పోయినా దీని చిరునామా కదలదు. చూసేవారికి ఈ మార్పు కనబడదు. అయినా ఎన్ని హంగులైనా దీని తర్వాతే.

రెండోది, ఉత్తరాలను మొత్తంగా పట్టుకుపోయే దారి. యాహూ గ్రూప్స్ 2019 డిసెంబరులో పాత సందేశాలను తీసేసింది, మరుసటేడు అదే నెలలో మూతపడింది. తెలుగు సాహిత్య చర్చలు సాగిన ‘రచ్చబండ’ ఉన్నదీ అక్కడే. లైనక్స్ కెర్నల్ వాళ్ల ఏర్పాటు వేరు. వాళ్లు వాడే పబ్లిక్-ఇన్‌బాక్స్ ఉత్తరాలను గిట్‌లో దాస్తుంది. ఎవరైనా మొత్తం ఆర్కైవ్‌ను తమ కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. ఒక సర్వరు ఆగిపోయినా, కాపీ దించుకున్నవారి దగ్గర చర్చ మిగులుతుంది.

మూడోది వెతుకులాట. ఇది మనవాళ్లు తప్ప ఎవరూ అడగని పని. యూనికోడ్ అందరి చేతికీ రాకముందు నెట్‌లో తెలుగును ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలతో రాసేవారు. అందులో చిన్న ‘టీ’ అయితే త, పెద్ద ‘టీ’ అయితే ట. సెర్చ్ మామూలుగా పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా చూడదు. పాట కోసం వెతికితే పాతవన్నీ వచ్చి పడతాయి. తెలుగు లిపిలో ‘పాట’ అని కొడితే ఆ ఉత్తరాలు అసలే దొరకవు. ఇండెక్స్ తయారుచేసేటప్పుడే ఆర్‌టీఎస్ మాటకు తెలుగు లిపి రూపం కూడా చేర్చితే రెండు చిక్కులూ తీరతాయి. ఏ ఉత్తరం ఆర్‌టీఎస్, ఏది అచ్చ ఇంగ్లిష్ అని తేల్చడమే కష్టం. అందుకు పాత ఉత్తరాలు చదివి గుర్తులు పెట్టే మనుషులు కావాలి. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా చేయగల పని ఇది.

ఇకనుంచి ఎవరు కొత్త ఫీచర్ తెచ్చినా నేను పెట్టే షరతు ఒక్కటే. మీ కోడ్ ఎక్కించాక పాత లింకులు పది తెరిచి చూపండి. అవి తెరుచుకుంటే లైక్ బటన్ సంగతి మాట్లాడదాం.