చరిత్ర మౌనం, కల్పన బాధ్యత: కొరియా చారిత్రక ధారావాహికలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కొరియాలో చారిత్రక ధారావాహికలను 'సగుక్' అంటారు. వేషభూషలు, రాజప్రాసాదాలు, ప్రణయకథలు వీటి ఆకర్షణకు కారణాలని సాధారణంగా చెబుతారు. అవి పైకి కనిపించే కారణాలు మాత్రమే. అధికారిక చరిత్ర మౌనం వహించిన చోట మాట్లాడటంలోనే వీటి లోతు ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు 'దే జాంగ్ గమ్' (2003–04), 'ట్రీ విత్ డీప్ రూట్స్' (2011), 'ది రెడ్ స్లీవ్' (2021) అనే మూడు ధారావాహికలను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సగుక్, సిల్లోక్, చారిత్రక కల్పన, జోసన్ రాజ్యం, స్త్రీ స్వరం.

1. ప్రవేశిక:
1404లో జోసన్ రాజు తెజోంగ్ వేటకు వెళ్లి గుర్రం మీదనుంచి పడ్డాడు. లేచి అటూ ఇటూ చూసి, ఈ సంగతి చరిత్రలేఖకుడికి తెలియనీయవద్దన్నాడు. అతను పడిన సంగతితోపాటు ఆ మాట కూడా చరిత్రకెక్కింది.

జోసన్ రాజవంశ చరిత్రను 'సిల్లోక్' అంటారు. 1392 నుంచి 1863 వరకు 472 ఏళ్లపాటు 25 మంది రాజుల కాలంలో జరిగిన విషయాలు ఇందులో తేదీల క్రమంలో నమోదయ్యాయి. ఒక రాజు మరణించిన తరువాతనే అతని కాలపు సిల్లోక్‌ను సంకలనం చేసేవారు. లేఖకుల చిత్తుప్రతులను చూసే హక్కు పాలిస్తున్న రాజుకు లేదు. యునెస్కో 1997లో దీన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

చారిత్రక నవలను విమర్శించేటప్పుడు 'చరిత్ర ఎంత, కల్పన ఎంత' అని అడగటం మనకు అలవాటు. ఇంత విస్తారమైన ఆధారం ఉన్న చోట ఆ ప్రశ్న ఒక్కటే సరిపోదు. చరిత్ర ఎక్కడ ఆగింది, కల్పన సరిగ్గా అక్కడే ఎందుకు మొదలైంది అని కూడా అడగవలసి ఉంటుంది.

2. పేరు మాత్రమే మిగిలిన స్త్రీ:
జాంగ్ గమ్ అనే వైద్యురాలి ప్రస్తావన జుంగ్‌జోంగ్ రాజు సిల్లోక్‌లో కొద్ది చోట్ల మాత్రమే ఉంది. 1515లో ప్రసవానంతరం రాణి మరణించినప్పుడు ఆమెను శిక్షించాలని అధికారులు పట్టుబట్టారు. ప్రసవ సమయంలో ఆమె చేసిన సేవ బహుమతికి తగినదనీ, బహుమతి ఇవ్వలేకపోయినా కొట్టించడం తగదనీ చెప్పి, రాజు ఆ దండనకు బదులు జరిమానా విధించాడు. 1544లో, మరణానికి కొద్దిరోజుల ముందు, తన జబ్బు సంగతి వైద్యురాలికి తెలుసునని అతను అన్నట్లు నమోదైంది. ఆమె పుట్టుక, చదువు, మరణం గురించి సిల్లోక్ ఏమీ చెప్పదు.

ఈ కొద్ది వాక్యాల నుంచి రచయిత్రి కిమ్ యంగ్-హ్యున్, దర్శకుడు లీ బ్యుంగ్-హూన్ 54 భాగాల కథను నిర్మించారు. జాంగ్ గమ్ రాజభవన వంటశాలలో పెరిగిందన్న పూర్వార్ధం కల్పితం. వాస్తవానికి ఆ వంటశాలల్లో పురుష వంటవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కథ వారిని దాదాపు కనబడనీయకుండా వంటశాలను స్త్రీల విద్యాలయంగా మలిచింది. వాస్తవంగా చూస్తే ఇది లోపం. అయితే చరిత్ర నమోదు చేయని స్త్రీల శ్రమకు, విద్యకు, స్పర్ధకు ఒక రంగస్థలం దొరికింది ఈ మార్పు వల్లనే. రుచి చూడటం, నీళ్లు ఇచ్చేముందు అవతలివారి ఒంటి స్థితిని అడగటం వంటి చిన్న పనులే అక్కడ జ్ఞానంగా గౌరవం పొందుతాయి. ఇరాన్ వంటి దూరదేశాల ప్రేక్షకులు సైతం ఈ కథను ఆదరించడానికి ఇదొక ముఖ్యకారణం కావచ్చు.

3. చెప్పకుండా వచ్చిన లిపి:
కొరియా లిపి హంగుల్ గురించి సిల్లోక్‌లో మరొక రకమైన మౌనం కనిపిస్తుంది. 1443 చివరి మాసంలో, రాజు సెజోంగ్ స్వయంగా 28 అక్షరాలను రూపొందించాడన్న వార్త ఉన్నట్టుండి వస్తుంది. ఆ కృషి ఎలా సాగిందో అంతకుముందు వివరం లేదు. 1444లో చోయ్ మాన్‌రి తదితర పండితులు దీన్ని వ్యతిరేకిస్తూ విజ్ఞప్తి సమర్పించారు. 1446లో లిపి ప్రకటితమైంది.

'ట్రీ విత్ డీప్ రూట్స్' ఆ వివరం లేని కాలాన్ని ఆక్రమించుకుంటుంది. ఇందులోని హత్యలు, రహస్యసంఘం కల్పితాలు. వాటి అడుగున ఉన్న ప్రశ్న మాత్రం నిజమైనది: చదువురాకపోవడం వల్ల మనిషి ఏం కోల్పోతాడు? చదవడం వచ్చని చెప్పిన ఒక బానిసపిల్ల ఉత్తరాన్ని సరిగా చదవలేకపోవడంతో తనవారు బలవుతారు. ఆమె మాట పడిపోతుంది. పెద్దయ్యాక ఆమే లిపి నిర్మాణంలో రాజుకు సహాయకురాలవుతుంది. మాట పోయిన మనిషి అక్షరానికి ఆధారం కావడం ఈ ధారావాహికలోని బలమైన ఊహ. లిపిని వ్యతిరేకించే ప్రతినాయకుడి వాదాన్ని కూడా రచయితలు తేలిక చేయలేదు. అక్షరం వచ్చిన ప్రజలను అదే అక్షరంతో మోసగించవచ్చన్న అతని అనుమానానికి రాజు దగ్గర సిద్ధమైన సమాధానం ఉండదు.

4. రాజు రాసిన ప్రేమ:
పై రెండింటిలో ఆధారం కొరతగా ఉంది. 'ది రెడ్ స్లీవ్'కు ఆధారం ఉన్నా అది ఒకవైపుదే. తన ఉపరాణి సోంగ్ 1786లో మరణించినప్పుడు జొంగ్‌జో రాజు ఆమె సమాధి లేఖనాన్ని స్వయంగా రాశాడు. తాను మొదట కోరినప్పుడు, యువరాణికి ఇంకా సంతానం కలగలేదని ఆమె ఏడుస్తూ నిరాకరించిందనీ, 15 ఏళ్ల తరువాత మళ్లీ నిరాకరించిందనీ, ఆమె సేవకులను దండించాకనే అంగీకరించిందనీ అందులో ఉంది. రాజు దుఃఖం నిజమైనదే. ఆమె అంగీకారం ఎటువంటిదో కూడా ఆ లేఖనమే బయటపెడుతోంది.

ఆమె ఎందుకు వద్దన్నదన్న ప్రశ్న మీదనే ధారావాహిక నిలుస్తుంది. దాసి దోక్-ఇమ్‌కు స్నేహితురాళ్లున్నారు, చేతిపని ఉంది, చిన్నవైనా తనవైన ఎంపికలున్నాయి. ఉపరాణి అయితే అవన్నీ పోతాయని ఆమెకు తెలుసు. మరుజన్మలో తనను చూసినా ఎరగనట్టు సాగిపొమ్మని మరణశయ్యపై ఆమె రాజును కోరుతుంది. సమాధి లేఖనానికి రెండు శతాబ్దాల తరువాత వచ్చిన జవాబుగా దీన్ని చదవవచ్చు. అయితే చివరి దృశ్యంలో వారిద్దరినీ మళ్లీ కలిపి, ఆమె కోరిన దూరాన్ని ధారావాహిక తానే చెరిపివేస్తుంది. ప్రేక్షకుడిని ఓదార్చడానికి ఆమె నిరాకరణను బలిపెట్టడమే ఈ ముగింపులోని లోపం.

5. పరిమితులు:
ఖాళీని పూరించే స్వేచ్ఛకు హద్దు ఎక్కడ? 2021లో 'జోసన్ ఎక్సార్సిస్ట్' ధారావాహికలో చరిత్ర వక్రీకరణ ఉందని నిరసనలు రావడంతో, ప్రకటనదారులు వైదొలగి, రెండు భాగాలకే ప్రసారం ఆగిపోయింది. నిరసనల్లో ప్రధానంగా చర్చకు వచ్చినవి చైనా తరహా ఆహారపదార్థాలు, సామగ్రి, రాజుల చిత్రణ. జాతిగౌరవానికి భంగం కలిగితే సమాజం వెంటనే గుర్తిస్తుంది. అణగారినవారి చరిత్రను తీపి చేసినప్పుడు అంత అలజడి రేగదు.

'దే జాంగ్ గమ్'లో ఈ రెండో సమస్య ఉంది. వైద్యురాళ్ల వ్యవస్థ 1406లో ఏర్పడింది. ప్రభుత్వ బానిసల కుమార్తెలను అందుకోసం ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. కథలో ఈ అణచివేత కనబడుతుంది కానీ నాయిక ప్రతిభ, ఓర్పు దానిని జయిస్తాయి. ఒకరి విజయం చూసి వ్యవస్థను క్షమించే ప్రమాదం ఇక్కడ ఉంది. ఆమె తోటి వైద్యురాళ్లందరికీ ఆ దారి తెరుచుకోలేదు.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన విషయం ఇది. ఉత్తమమైన సగుక్ చరిత్రను అలంకరించదు, దానిని ప్రశ్నిస్తుంది. కల్పన చేసినంత మాత్రాన అది తప్పు కాదు. ఎవరి మౌనాన్ని పూరించింది, ఆ మౌనానికి కారణమైన అధికారాన్ని చూపిందా లేదా దాచిందా అన్నవే దాని విలువను నిర్ణయించే కొలమానాలు. ఈ మూడింటిలో జనాదరణకు 'దే జాంగ్ గమ్', ఆలోచనకు 'ట్రీ విత్ డీప్ రూట్స్' ముందుంటాయి. ఆధారపత్రాన్నే ఎదురు ప్రశ్నించిన కారణంగా, చివరి దృశ్యపు బలహీనత ఉన్నప్పటికీ, 'ది రెడ్ స్లీవ్' విమర్శకు ఎక్కువ అవకాశం ఇస్తుంది. తన తప్పటడుగును రాయవద్దన్న రాజు మాటను కూడా చరిత్రలేఖకుడు రాసిపెట్టాడు. అతని దృష్టికి రాని మనుషుల విషయంలో ఆ నిష్ఠను కొనసాగించడమే చారిత్రక కల్పనకు ఉన్న బాధ్యత.