ఖాళీ అర్రేకు సగటు ఎంత?

అర్రేలోని సంఖ్యల సగటు కట్టే కోడు రెండు మూడు లైన్లకు మించదు. అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగిస్తే సరి. ఆ కూడికలో, భాగహారంలో పొంచి ఉన్న తప్పులు ప్రోగ్రామర్లకు తెలిసినవే. జావాలో 3, 4ల మొత్తాన్ని ఇంట్‌గానే ఉంచి 2తో భాగిస్తే 3 వస్తుంది. ఫలితాన్ని డబుల్‌లో దాచుకున్నా 3.0 తప్ప 3.5 రాదు, భాగహారం దగ్గరే ఆ అర రాలిపోయింది కాబట్టి. మొత్తం 2,147,483,647 దాటితే చడీచప్పుడు లేకుండా రుణసంఖ్యగా మారిపోవచ్చు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో రెండు సంఖ్యల సగటు కట్టే చోటే ఈ తప్పు దాగి ఉందని ప్రోగ్రామర్ జాషువా బ్లాక్ 2006లో రాశారు. వీటికి మందు ఉంది. నాకు ఎక్కువ బెంగ కలిగించేది మరొకటి: అర్రే ఖాళీగా ఉంటే సున్నా ఇచ్చి ఊరుకునే అలవాటు.

ఉష్ణోగ్రత లెక్కల్లో సున్నా కూడా ఒక కొలతే. ఆరు రోజులు సగటున 30 డిగ్రీల చొప్పున నమోదై, ఏడో రోజు సెన్సర్ పనిచేయక రీడింగులే రాలేదనుకుందాం. ఆ రోజుకు ఫంక్షన్ 0 ఇస్తే వారం సగటు 25.7కు దిగిపోతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. గ్రాఫు చూసేవారికి వారం చల్లబడినట్టే కనిపిస్తుంది. సెన్సర్ చెడిందన్న అసలు కబురు ఎవరికీ చేరదు.

ఖాళీ అర్రే మొత్తం సున్నా అని ఒప్పుకుంటాం కదా, సగటుకెందుకు అభ్యంతరం అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఏ మొత్తానికి సున్నా కలిపినా అది మారదు కనుక అక్కడ చెల్లుతుంది. సగటులో కలిపితే ఏమవుతుందో పైన చూశాం. భాషలను తీర్చిదిద్దినవారూ ఈ తేడాను పట్టించుకున్నారు. పైథాన్ స్టాటిస్టిక్స్ మాడ్యూల్‌లోని మీన్ ఖాళీ జాబితాను ఎర్రర్‌తో తిప్పికొడుతుంది. ఎస్‌క్యూఎల్‌లో ఏవీజీ నల్ ఇస్తుంది. జావా 8 స్ట్రీముల్లో యావరేజ్ ఇచ్చేది ఆప్షనల్‌డబుల్. అందులో విలువ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

వాడేవారి ముందు యాప్ ఆగిపోకూడదు కదా అన్నది మరో వాదన. నిజమే, ఆగకూడదు. స్క్రీన్ మీద ఒక గీతో, ‘వివరాలు లేవు’ అన్న మాటో పెట్టవచ్చు. కానీ ఆ నిర్ణయం స్క్రీన్‌ను నడిపే కోడుది. ఆ సంఖ్య ఎవరికి, ఎందుకు అన్నది దానికే తెలుసు. సగటు ఫంక్షన్‌కు తెలిసిందల్లా తన చేతికి సంఖ్యలేవీ రాలేదనే. ఆ మాటే అది చెప్పాలి. అంతా విని ఎవరైనా ఆప్షనల్‌డబుల్ పక్కన, విలువ లేనప్పుడు ఏది వాడాలో చెప్పే ఆర్‌ఎల్స్ రాసి 0 పెట్టుకున్నా, ఆ సున్నా కొలతలోంచి రాలేదని, ఫలానా లైనులో పెట్టిందని తర్వాత కోడు చదివేవారికి కనిపిస్తుంది.